ఫ్లైవీల్ పగిలితే ముక్కలు ఎటు వెళ్తాయి? రేసు కారుకు క్లచ్ రక్షణ ఎంచుకునే పద్ధతి

కారు బానెట్ ఎత్తి, ఫ్లైవీల్ సరిగ్గా ఎక్కడ తిరుగుతుందో వేలు పెట్టి చూపించమంటే మనలో చాలామంది తడబడతాం. ఇంజన్ ఇరుసుకు (దాన్నే క్రాంక్ అంటారు) బిగించి, దానితో పాటే తిరిగే బరువైన ఇనుప చక్రం అది. క్లచ్ ఆనేది దాని ముఖానికే. అది కంటికి కనిపించదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, బెల్ హౌసింగ్ అనే అల్యూమినియం డొప్ప లోపల ఉంటుంది. రోల్ కేజ్‌కీ, హెల్మెట్‌కీ, రేసింగ్ సీటుకీ అప్పు చేసి మరీ డబ్బు పెట్టేవాళ్లు దీని దగ్గరికొచ్చేసరికి ‘కంపెనీది ఉంది కదా’ అని వదిలేస్తారు. తిరుపతి, చిత్తూరు నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి కార్లు తీసుకెళ్లే తమ్ముళ్లు నన్ను టైర్ల గురించి, సస్పెన్షన్ గురించి అడిగినంతగా దీని గురించి అడగరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒక లెక్క చూడండి. 24 సెంటీమీటర్ల వ్యాసం, 8 కిలోల బరువున్న ఫ్లైవీల్ నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు వేగం గంటకు సుమారు 317 కిలోమీటర్లు. అందులో నిలవ ఉన్న శక్తి ఎంతంటే, 1,000 కిలోల కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దితే ఎంతో అంత. కారు గుద్దితే ఆ దెబ్బ బంపరంతా పరుచుకుంటుంది. ఫ్లైవీల్ పగిలితే అదే దెబ్బ అరచేతిలో పట్టే మూడు నాలుగు ఇనుప ముక్కల్లో ఉంటుంది. బెల్ హౌసింగ్ పోత అల్యూమినియం కాబట్టి వాటిని ఆపకపోగా తానూ ముక్కలై వాటితో పాటు ఎగురుతుంది. ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) రెండింతలైతే శక్తి నాలుగింతలు అవుతుంది. లోహాన్ని చీల్చే లాగుడు కూడా అంతే.

1970 మార్చి 8న అమెరికాలో, లాంగ్ బీచ్ ప్రాంతంలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ అనే రేసర్ నడుపుతున్న డ్రాగ్‌స్టర్‌లో (నేరు దారిలో పందేనికి కట్టిన పొడవాటి కారు) ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్, పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. అప్పటి డ్రాగ్‌స్టర్లలో ఇంజన్ ముందు, డ్రైవర్ వెనక. క్లచ్, ట్రాన్స్‌మిషన్ రెండూ కాళ్ల మధ్యే తిరిగేవి. మరుసటి ఏడాది ఆయన ఇంజన్‌ను తన వెనక పెట్టుకున్న కారుతో పోటీకి వచ్చి గెలిచాడు. తర్వాత మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. మన స్విఫ్ట్‌నో జిప్సీనో అలా తిప్పి కట్టలేం కాబట్టి ఉన్న కారులోనే జాగ్రత్త పడాలి. ఆ జాగ్రత్తకు ఒక వరస ఉంది. రక్షణ అనగానే అందరూ మందపాటి రేకు గురించి అడుగుతారు. రేకు ఆఖరి గోడ మాత్రమే. ముందు పగలని ఫ్లైవీల్, తర్వాత సరైన బిగింపు, ఆ తర్వాతే రేకు.

మొదట దారం, సుద్దముక్క పట్టుకోండి

ఏమీ కొనకముందు చేయాల్సిన పని ఇది. ఇంజన్ బ్లాకు, గేర్‌బాక్స్ కలిసే అతుకు వెతకండి. ఆ అతుకు నుంచి గేర్‌బాక్స్ వైపు సుమారు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలో ఫ్లైవీల్, క్లచ్ తిరుగుతుంటాయి. బెల్ హౌసింగ్ చుట్టూ ఆ పట్టీని సుద్దతో గీయండి. ఇప్పుడు దారం ఒక కొస ఆ గీత మీద పట్టుకుని, చక్రం తిరిగే దిశలోనే చుట్టూ అన్ని వైపులకీ లాగి చూడండి. దారం తగిలిన ప్రతిచోటా సుద్ద గుర్తు పెట్టండి. ముక్కలు వెళ్లే దారి అదే.

స్విఫ్ట్, ఎస్టీమ్, సిటీ, పోలో లాంటి కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. అందులో ఫ్లైవీల్ కారు పొడవునా, రోడ్డు మీద టైరు తిరిగినట్టు తిరుగుతుంది. దాని ముక్కలు ముందు రేడియేటర్ వైపు, పైన బానెట్ వైపు, కింద నేల వైపు, వెనక ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) వైపు వెళ్తాయి. ఫైర్‌వాల్ అవతల ఉండేది మనుషుల కాళ్లు. జిప్సీ, జీపు, అంబాసడర్ లాంటి వాటిలో ఇంజన్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి ముక్కలు కుడి ఎడమలకీ, పైకీ కిందకీ వెళ్తాయి. కుడి స్టీరింగ్ ఉన్న మన కార్లలో కుడి వైపు పోయే ముక్క డ్రైవర్ కాళ్ల దగ్గరి రేకును వెతుక్కుంటుంది. ఎడమ వైపు పోయేది నావిగేటర్‌ది. పిట్‌లో పక్కన నిలబడి ఇంజన్ చప్పుడు వినేవాళ్లు కూడా ఆ గీతలోనే ఉంటారు.

సుద్ద గుర్తులకు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ గీత మీద పెట్రోలు పైపు ఉందా, బ్రేక్ పైపు ఉందా, వైరింగ్ కట్ట ఉందా రాసుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

నిబంధనల పుస్తకం

మన దేశంలో రేసింగ్‌ని నడిపే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ. మీరు దిగబోయే క్లాస్ నిబంధనల్లో క్లచ్ గురించి, ఫ్లైవీల్ గురించి ఏం రాశారో చదవకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. కొన్ని క్లాసుల్లో కారుతో వచ్చిన ఫ్లైవీలే ఉండాలంటారు, బరువు కూడా తగ్గించనివ్వరు. కొన్నింటిలో స్వేచ్ఛ ఉంటుంది. అర్థం కానిచోట, రేసుకు ముందు కార్లు తనిఖీ చేసే స్క్రూటినీ అధికారికి ముందే రాసి అడగండి. రేసు రోజు పొద్దున అడిగితే వాళ్లూ ఏం చేయలేరు.

డ్రాగ్ రేసింగ్ చేసేవాళ్లకు ఒక కొలమానం చెప్తాను. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం 402 మీటర్లు 11.49 సెకన్లలో గానీ అంతకన్నా త్వరగా గానీ పూర్తిచేసే కారుకు, రేసు భాగాలకు భద్రతా ప్రమాణాలు పెట్టే ఎస్‌ఎఫ్‌ఐ వారి 1.1 లేదా 1.2 ప్రమాణానికి తగిన ఫ్లైవీల్, క్లచ్ తప్పనిసరి. వాటి చుట్టూ ఎస్‌ఎఫ్‌ఐ ప్రమాణానికే తగిన ఉక్కు కవచమూ ఉండాలి. బెల్ హౌసింగ్ రూపంలో ఉండే కవచాలకు సాధారణంగా 6.1 అనే నంబరు కనిపిస్తుంది. మీ కారు అంత వేగంగా వెళ్లకపోతే ఇవేవీ అక్కర్లేదని అర్థం చేసుకోకండి. సర్క్యూట్‌లో కారు అరగంట పాటు ఎక్కువ ఆర్‌పీఎంలోనే తిరుగుతుంది. ఫ్లైవీల్‌కి తెలిసేది చుట్ల లెక్కే, సెకన్ల లెక్క కాదు.

ఫ్లైవీల్: డబ్బంతా ఇక్కడే పెట్టండి

కంపెనీ ఫ్లైవీల్ చాలా కార్లలో బీడుతో, అంటే పోత ఇనుముతో, పోసింది. బీడు నొక్కుడుకు గట్టిగా నిలబడుతుంది కానీ లాగుడుకు నిలబడదు. సాగకుండా, వంగకుండా ఒక్కసారిగా విరుగుతుంది. వేగంగా తిరిగే చక్రంలో ఉండేదంతా లాగుడే. రోడ్డు మీద వాడే ఆర్‌పీఎంకి కంపెనీవాళ్లు చాలినంత మందం ఇచ్చారు కాబట్టి ఏమీ కాదు. ఆ మందాన్ని మనం తగ్గించినప్పుడు కథ మారుతుంది.

‘ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే కారు బాగా అందుకుంటుంది’ అన్న మాట నిజమే. ఆ మాట విని నేనూ నా మొదటి ఎస్టీమ్ ఫ్లైవీల్‌ని ఒక వర్క్‌షాపులో లేత్ మీద పెట్టించి వెనక వైపు చెక్కించాను. రెండు సీజన్లు నడిపాను. ఒకసారి క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్స్ దించినప్పుడు, తిరుపతిలో నాకు తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఆ ఫ్లైవీల్‌ని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగ. ఖంగుమని మోగాల్సింది డొక్కుగా చప్పుడు చేసింది. “ఇది మోగడం లేదు సామీ. యాడ చేయించినావు దీన్ని?” అన్నాడు. ఫ్లైవీల్ అంచున ఉండే పళ్ల చక్రం, అదే రింగ్ గేర్, వదులుగా ఉన్నా ఇలాంటి చప్పుడే వస్తుందని నేను వాదించాను. అది నిజం కూడా. ఆయన వాదించలేదు. రంగు డబ్బాలు తెప్పించాడు.

ఆ పరీక్ష మీరూ చేయించాలి, అందుకని వివరంగా చెప్తాను. దీన్ని డై పెనట్రెంట్ పరీక్ష అంటారు. మూడు స్ప్రే డబ్బాలు వస్తాయి. ముందు క్లీనర్‌తో నూనె, మసి పూర్తిగా తుడవాలి. ఎర్ర రంగు కొట్టి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. పగులు ఉంటే రంగు అందులోకి ఇంకుతుంది. తర్వాత పై రంగును గుడ్డతో తుడవాలి. క్లీనర్‌ని గుడ్డకు పట్టించి తుడవాలి కానీ నేరుగా వస్తువు మీద కొట్టకూడదు, కొడితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. చివర తెల్లటి డెవలపర్ పల్చగా కొట్టి చూస్తూ ఉండాలి. నా ఫ్లైవీల్ మీద రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తెల్లగా, ముగ్గుపిండి అద్దినట్టు ఉంది. తర్వాత క్రాంక్ బోల్టు రంధ్రం ఒకదాని అంచున చిన్న ఎర్ర చుక్క లేచింది. చూస్తుండగానే అది గీత అయింది, కుంకుమతో గీసినట్టు, వెంట్రుకంత సన్నగా, పక్క రంధ్రం వైపు పాకింది. పగులు అంగుళం కన్నా పొడవే ఉంది. దానితోనే నేను ముందు నెల 6,800 ఆర్‌పీఎం దాకా లాగాను.

కాబట్టి నా మాట ఇది: బీడు ఫ్లైవీల్‌ని బరువు తగ్గించడానికి లేత్ పట్టించకండి. క్లచ్ ఆనే ముఖం నునుపు చేయడానికి పల్చగా ఫేసింగ్ చేయించడం వేరు, దానికి మాన్యువల్‌లో కనీస మందం ఉంటుంది. తేలిక ఫ్లైవీల్ కావాలంటే ఉక్కు దిమ్మె నుంచి చెక్కినదో, ఫోర్జింగ్ చేసినదో కొనండి. ఉక్కు విరిగే ముందు కొంత సాగుతుంది, అందుకే దానికి అంత విలువ. అల్యూమినియం ఫ్లైవీళ్లు కూడా మంచి కంపెనీలవి ఉన్నాయి. వాటిలో క్లచ్ ఆనే చోట ఉక్కు రింగు బిగించి ఉంటుంది కాబట్టి ఆ రింగు స్క్రూలు, రివెట్లు ప్రతిసారీ చూసుకోవాలి. ఏది కొన్నా ప్రమాణ గుర్తు ఆ వస్తువు మీదే చెక్కి ఉండాలి. డబ్బా మీద ముద్రించి ఉంటే సరిపోదు.

సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ముఖం మీద నీలం మచ్చలు కనిపిస్తే అది బాగా కాలిందని అర్థం. మధ్య నుంచి అంచు వైపు పోయే సన్న గీతలు గోరుకు తగిలితే బేరం వద్దు. డీజిల్ కార్లలో వచ్చే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ లోపల స్ప్రింగులు ఉంటాయి, అది రేసుకు పనికొచ్చే సరుకు కాదు. దాన్ని వెల్డింగ్ చేసి ఒకటిగా చేస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి.

క్లచ్

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముందు వెళ్లే బండి నుంచి వచ్చే కమురు వాసన మనందరికీ తెలుసు. ఆ వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేటు ఫేసింగ్ (ప్లేటు మీద అతికించిన రాపిడి పొర) కాలుతోందని, దానితో పాటు ఫ్లైవీల్ ముఖం, క్లచ్ ప్లేటును దానికి అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు కూడా విపరీతంగా వేడెక్కుతున్నాయని అర్థం. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి పగుళ్లు పుడతాయి. అందుకే మీ ఇంజన్ టార్క్‌కి (తిప్పే బలానికి) చాలని క్లచ్ వేయడం బలహీనతే కాదు, ప్రమాదం కూడా. జారే క్లచ్ ఫ్లైవీల్‌ని లోపల్నుంచి తినేస్తుంది.

ఇంజన్ టార్క్ కన్నా కొంత ఎక్కువ మోయగల క్లచ్ ఎంచుకోండి. మరీ ఎక్కువ వద్దు, గేర్‌బాక్స్ భరించలేదు. వీలైతే వ్యాసం తక్కువగా ఉన్న రెండు ప్లేట్ల రేసింగ్ క్లచ్ చూడండి. ఏపీ రేసింగ్, టిల్టన్ లాంటి కంపెనీలవి 184, 140 మిల్లీమీటర్ల కొలతల్లో ఉంటాయి. చిన్న చక్రం అంచు వేగం తక్కువ, కాబట్టి అదే ఆర్‌పీఎంలో లోహం మీద లాగుడూ తక్కువ. ఖరీదు మాత్రం ఎక్కువ. కంపెనీ సైజు క్లచ్చే వేస్తే, అది ఎంత ఆర్‌పీఎం దాకా పనికొస్తుందో తయారీదారు రాతపూర్వకంగా చెప్పిందే తీసుకోండి. నకిలీ ప్లేట్లు మన మార్కెట్‌లో తిరుగుతుంటాయి. బిల్లు లేకుండా, సగం ధరకు ఇస్తామన్న దుకాణంలో క్లచ్ కొనకండి.

ఒక విషయం చాలామందికి తట్టదు. ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ పెట్టాం కదా, ఇంజన్ 7,000 దాటదు కదా అనుకుంటారు. మూడో గేరులో 6,500 దగ్గర ఉండి నాలుగో గేరు వేయబోయి పొరపాటున రెండులోకి తోశారనుకోండి. మూడో గేరు నిష్పత్తి 1.3, రెండోది 2.0 అయితే, చక్రాలే గేర్‌బాక్స్‌ని 10,000 ఆర్‌పీఎంకి తిప్పేస్తాయి. లిమిటర్ పెట్రోలు ఆపగలదు కానీ చక్రాలను ఆపలేదు. క్లచ్ పెడల్ తొక్కే ఉన్నా క్లచ్ ప్లేటు గేర్‌బాక్స్ షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి అది మాత్రం 10,000 తిరిగి తీరుతుంది. ఫేసింగ్ ఊడి ఎగిరేది అప్పుడే. మీ క్లచ్ ఎంత తట్టుకోవాలో లెక్క వేసేటప్పుడు లిమిటర్ అంకె కాకుండా ఈ పొరపాటు అంకె పెట్టుకోండి.

బిగింపు

ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు రెండూ కలిపి బ్యాలెన్సింగ్ చేయించండి. పది గ్రాముల తేడా ఇరుసుకు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే 7,000 ఆర్‌పీఎంలో అది సుమారు 55 కిలోల బరువుతో లాగినట్టు క్రాంక్‌ని ఊపుతుంది, సెకనుకు నూటికి పైగా సార్లు. మనవైపు నుంచి ఈ పనికి చెన్నై వెళ్లడం మేలు, అంబత్తూరు వైపు ఇలాంటి పని చేసే యూనిట్లు దొరుకుతాయి. బ్యాలెన్సింగ్ అయ్యాక రెండింటి మీదా పెయింటుతో జోడు గుర్తు పెట్టించుకోండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ గుర్తులు కలవాలి.

ఫ్లైవీల్ బోల్టులు ప్రతిసారీ కొత్తవి వేయండి. చాలా కార్లలో అవి ఒకసారి సాగేలా బిగించే రకం, రెండోసారి వాడితే తెగే అవకాశం ఉంది. టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు బోల్టులు దశలవారీగా బిగించాలి. గాలి గన్‌తో టకటకా కొట్టనివ్వకండి. ప్రెజర్ ప్లేటును కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. చిన్న పిన్నులు, ఎక్కడో పడిపోతాయి. ‘బోల్టులు ఉన్నాయిలే’ అని మెకానిక్ ముందుకు పోతాడు. పిన్ను లేకపోతే ప్లేటు మధ్య నుంచి జరుగుతుంది, బోల్టుల మీద కోత పడుతుంది. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే డోవెల్స్ కూడా అంతే ముఖ్యం. బెల్ హౌసింగ్‌కి ఎన్ని రంధ్రాలుంటే అన్ని బోల్టులూ ఉండాలి. చెయ్యి దూరని పై బోల్టు ఒకటి వదిలేయడం మన షెడ్లలో మామూలు. రేసు కారుకు అది కుదరదు.

ఇప్పుడు రేకు

అమెరికన్ వీ8 కార్లకైతే లేక్‌వుడ్, క్విక్ టైమ్ లాంటి కంపెనీల ఉక్కు బెల్ హౌసింగులు రెడీగా దొరుకుతాయి. కంపెనీ డొప్ప తీసి అది బిగిస్తే సరిపోతుంది. వాటికి అతికించిన ప్రమాణ స్టిక్కర్ మీద తేదీ చూసుకోవాలి. వాటికి కొత్త రంధ్రాలు వేసినా వెల్డింగ్ చేసినా ఆ ప్రమాణం పోయినట్టే. మన చిక్కు ఏమిటంటే, స్విఫ్ట్ లాంటి కార్లలో బెల్ హౌసింగ్ గేర్‌బాక్స్‌తో కలిపి ఒకటే పోత. విడదీసి మార్చలేం. కాబట్టి బయటి నుంచి చుట్టాలి.

6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ప్లేటు తీసుకోండి. అల్యూమినియం వద్దు, స్టెయిన్‌లెస్ పల్చటి రేకూ వద్దు. మైల్డ్ స్టీల్ వంగుతుంది, సాగుతుంది, అలా సాగుతూనే ముక్క వేగాన్ని మింగుతుంది. మొదట గీసిన సుద్ద పట్టీకి రెండు వైపులా అంగుళం చొప్పున ఎక్కువ ఉండేలా కొలత తీసుకోండి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. ఆ బరువు చూసి వెనకాడకండి. ముందు అట్టముక్కతో నమూనా కోసి, కారులో పెట్టి, స్టార్టర్ మోటారుకీ, పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే క్లచ్ ఫోర్కుకీ ఖాళీ సరిపోయిందో లేదో చూసి, అప్పుడు ప్లేటు వంచడానికి ఇవ్వండి. రోలింగ్ మిషన్ ఉన్న షాపులో వంపు తిప్పించండి. సుత్తితో కొట్టి వంచితే మడత దగ్గర బలహీనపడుతుంది. ఫోర్కు కోసం వదిలే సందు కాళ్ల వైపు రాకూడదు.

దాన్ని బెల్ హౌసింగ్‌కే బిగించడం అందరూ చేసే తప్పు. ఆ డొప్ప ముక్కలైతే దాని మీద ఆధారపడ్డ రేకూ వాటితోనే పోతుంది. ఇంజన్ బ్లాకుకు బ్రాకెట్లు పెట్టి గట్టి రకమైన 10.9 గ్రేడు బోల్టులతో బిగించండి. ఇంజన్ మౌంటింగ్‌ల మీద ఊగుతుంది కాబట్టి రేకు దానితో పాటే ఊగాలి, బాడీకి తగలకూడదు. రెండో గోడగా ఫైర్‌వాల్‌కి లోపలి వైపు, సుద్ద గుర్తు పడిన చోట, పాదాల దగ్గర నుంచి మోకాలి ఎత్తు దాకా మరో ఉక్కు ప్లేటు బోల్టు చేయండి. ఇది షెడ్డులో చేసుకున్న కవచం. పరీక్షించి ముద్ర వేసిన బెల్ హౌసింగ్‌తో సమానం కాదు. అందుకే ఫ్లైవీల్ దగ్గర రాజీ పడొద్దని అంత గట్టిగా చెప్పాను. తూటాలను ఆపే రకం నైలాన్‌తో కుట్టిన మెత్తటి కవచాలు కూడా వస్తాయి, చోటు బొత్తిగా లేనప్పుడు అవి మంచివి. నూనె పీల్చుకోకుండా, ఎగ్జాస్ట్‌కి తగలకుండా కట్టుకోవాలి.

తర్వాత ఆ ఫోటో బయటకు తీయండి. గీత మీద ఉన్న పెట్రోలు పైపు, బ్రేక్ పైపు, వైరింగ్ అక్కడి నుంచి పక్కకు జరపండి. కాళ్లు బతికినా పెట్రోలు పైపు తెగితే నిప్పు అంటుకుంటుంది.

ట్రాక్ దగ్గర

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లినా, చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా వెళ్లినా కారును ట్రక్కు మీదే తీసుకెళ్లండి. ఇలాంటి క్లచ్‌తో ట్రాఫిక్‌లో పాకడమంటే రేసుకు ముందే దాన్ని కాల్చుకోవడం. స్టార్ట్ లైను దగ్గర క్లచ్ సగం తొక్కి పట్టుకుని ఎదురుచూడకండి. తప్పు గేరు పడి ఆర్‌పీఎం హద్దు దాటితే ఆ రోజుకు కారు పక్కన పెట్టండి. గేర్‌బాక్స్ దించి, రంగు పరీక్ష చేయించాకే మళ్లీ నడపండి. టెన్షన్‌లో ఇవి మర్చిపోతాం కాబట్టి ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీ, గరిష్ట ఆర్‌పీఎం, క్లచ్ వాసన వచ్చిందా లేదా రాసిపెట్టండి.

పొద్దున ఇంజన్ వేడి చేసేటప్పుడు చూడటానికి వచ్చిన స్నేహితులు బానెట్ చుట్టూ మూగుతారు. యాక్సిలరేటర్ తొక్కే ముందు వాళ్లను కారుకు ఏ వైపు నిలబడమనాలో మీకు ఇప్పుడు తెలుసు. ఇంజన్ అడ్డంగా ఉన్న కారైతే ముందు నుంచి తప్పించి పక్కకు పంపండి. జిప్సీ అయితే పక్కల నుంచి తప్పించి ముందుకు రమ్మనండి.